పప్పుకు తగ్గ పుస్తకం

...అయినా కోషరీకి లావుపాటి పుస్తకమే సరి. అన్నం, పప్పు, మాకరోనీ, పైన కరకరలాడే ఉల్లిపాయలు, అన్నీ ఒక్క చెంచాలో వచ్చేస్తాయి కనక ఎడమ చెయ్యి మొత్తం పుస్తకానికి వదిలెయ్యవచ్చు. అన్నం కూరిన ద్రాక్షాకు చుట్టలకు అలా కుదరదు. వేళ్ళకు నూనె అంటుతుంది. వాటికి ఇదివరకే చదివేసిన పుస్తకం కావాలి, ఒకే పేజీ తెరిచి పెట్టుకున్నా మిగతాది మనసులో నడిచిపోయేది. బీసారా తెచ్చుకున్న రోజున నవ్వించే పుస్తకం అసలు పనికిరాదు. నవ్వితే ఆ పచ్చటి చిక్కుడుపప్పు ముద్ద చొక్కా మీద పడుతుంది, పడితే ఇంటికి రాగానే అక్క చూస్తుంది, చూస్తే ఎందుకు నవ్వావని అడుగుతుంది, ఎందుకు నవ్వానో చెప్పడం మొదలుపెడితే అది నవ్వొచ్చే సంగతి కాకుండా పోతుంది...

"ఉల్లిపాయ మాడుతోంది," అంది వెనకనుంచి వియొలెట్.

వస్ఫీ పొయ్యి తగ్గించాడు. పొద్దున్న ఆరున్నర. ఈస్టరు పండగ వెళ్ళి పది రోజులైంది.

"యాభై అయిదు రోజులు గుడ్డు లేదు, జున్ను లేదు, మాంసం లేదు. ఉపవాసం కదా అని నోరు మూసుకున్నాను. పండగైపోయిందిగా! ఇంకా ఈ పప్పేమిట్రా? నా మాంసం కోఫ్తా ఏం పాపం చేసింది?"

"రాత్రికి తింటానక్కా."

"రాత్రి కూడా 'ఆకలి లేదు' అంటావు. నాకు తెలుసు," అని వియొలెట్ కోఫ్తా గిన్నె మీద మూత కొంచెం గట్టిగానే పెట్టింది.

ముప్పై తొమ్మిదేళ్ళ వస్ఫీ బిషారా అలెగ్జాండ్రియాలో ఒక సర్వే ఆఫీసులో పాత మ్యాపుల గదికి అధికారి. ఆ ఆఫీసులో భోజనం ఒక్కరి వ్యవహారం కాదు. పన్నెండున్నరకు ఇన్షిరాహ్ మదామ్ గదిలో నాలుగు బల్లలు కలిపి, మీద వార్తాపత్రిక పరిచి, అందరి డబ్బాలూ తెరుస్తారు. అందరి రొట్టె అందరి జున్నులోనూ మునుగుతుంది. పధ్నాలుగేళ్ళు వస్ఫీ కూడా ముంచాడు. అక్కడ ఎవరైనా ఒక ముద్ద అందిస్తే దానితోపాటు ఒక ప్రశ్న కూడా అందిస్తారు. గుడ్డుతో "పెళ్ళెప్పుడు?" వస్తుంది. కాలేయం వేపుడుతో "ఎందుకలా ఉన్నావు?" వస్తుంది. జవాబు చెప్పకుండా మింగడం అమర్యాద.

ఈ ఏడు పెద్ద ఉపవాసంలో, ఈ బల్లమీద తను తినగలిగిందేమీ లేదని చెప్పి, వస్ఫీ డబ్బా పట్టుకుని మ్యాపుల గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. యాభై అయిదు రోజుల్లో నాలుగు పుస్తకాలు పూర్తయ్యాయి. తన గురించి అతనికి ఒక విషయం కూడా తెలిసింది. రోజుకొక గంట తనతో ఎవరూ మాట్లాడకపోతే, మిగిలిన ఏడు గంటలూ మనుషులను హాయిగా ప్రేమించగలడు.

ఆ గంటను వదులుకోవడం అతనికి సాధ్యం కాలేదు. పండగ అయ్యాక కూడా అదే తిండి కట్టుకోసాగాడు. ఇందులో ఒక చిక్కుంది. పండగ తర్వాత యాభై రోజులు ఉపవాసం చెయ్యకూడదు. అవి సంతోషపు రోజులు, వాటిలో పస్తుండటానికి చర్చే ఒప్పుకోదు. వస్ఫీకి ఇది తెలియక కాదు. 'నేను మాంసం మానలేదు, తినడం లేదంతే,' అని తనకు తాను చెప్పుకున్నాడు. అతను చదివే మనస్తత్వ శాస్త్ర పుస్తకాల్లో ఇలాంటి తేడాకు ఒక అధ్యాయం మొత్తం దొరుకుతుంది. ఆఫీసులో ఒక్క నిమిషం కూడా దొరకలేదు.

ఆ రోజు పన్నెండు ముప్పై అయిదుకు ఇన్షిరాహ్ మదామ్ మ్యాపుల గదిలోకి వచ్చి కోషరీ డబ్బా మూత ఎత్తింది. ఆవిడ ముస్లిం. కాని పాతికేళ్ళుగా వస్ఫీలాంటి కోప్టు క్రైస్తవుల పక్కింట్లో ఉండటంవల్ల, ఎవరి ఉపవాసం ఏ రోజు మొదలై ఏ రోజు ముగుస్తుందో చర్చి కేలెండరు కంటే ముందు చెప్పగలదు.

"ఇదేంటి నాయనా! ఈ యాభై రోజులూ మీవాళ్ళు చచ్చినా ఉపవాసం ఉండరు కదా?"

వస్ఫీ చెంచా నోట్లో పెట్టుకుని ఉన్నాడు.

"మొక్కా?"

వస్ఫీ తల ఊపాడు. అబద్ధం చెప్పాలని కాదు. భాషలో అన్నిటికంటే పొట్టి వాక్యం తల ఊపడమే కనక, అది వాడితే ఆవిడ త్వరగా వెళుతుందనుకున్నాడు.

ఆవిడ వెళ్ళలేదు. బల్లమీది పుస్తకం చూసింది. అది ఒక పిచ్చాసుపత్రి డాక్టరు రాసుకున్న రోగుల కథలు. కాని వియొలెట్ తమ్ముడి పుస్తకాలన్నిటికీ చర్చి కేలెండరు కాగితాలతో అట్టలు వేస్తుంది. ఈ పుస్తకానికి పోయిన ఏడాది నవంబరు నెల వచ్చింది. అందులో ఎడారి, ఎడారిలో ఒక మఠం, మఠం ముందు నల్లటి అంగీలో చేతులు కట్టుకు నిలబడ్డ ముసలి సన్యాసి.

ఇన్షిరాహ్ మదామ్ ఆ సన్యాసిని చూసింది. వస్ఫీని చూసింది. పెళ్ళికాని మనిషి, ఒంటరిగా కూర్చున్నాడు, మాంసం ముట్టడు, అడిగితే మాట్లాడడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎప్పుడు వెళుతున్నావు, తండ్రీ?"

"ఎక్కడికి?"

"సరే, సరే, నేనేం అడగలేదు," అంటూ ఆవిడ డబ్బా మూత జాగ్రత్తగా పెట్టి, తలుపు దగ్గరగా వేసి, మునివేళ్ళ మీద వెళ్ళిపోయింది.

మర్నాటికి ఆఫీసంతా మునివేళ్ళ మీద నడవసాగింది.

వస్ఫీ ఖండించాడు. మొదట నవ్వుతూ, తర్వాత గట్టిగా, తర్వాత గొంతు చించుకుని. ఖండించినకొద్దీ నమ్మకం పెరిగింది. మఠానికి వెళ్ళేవాడు ముందుగా ఎవరికీ చెప్పడని, ఒక తెల్లవారుజామున చెప్పులు కూడా వదిలేసి వెళ్ళిపోతాడని అందరికీ తెలుసు. "మా పక్కవీధి ఫార్మసీ కుర్రాడూ ఇలాగే 'లేదు, లేదు' అన్నాడు. ఇప్పుడు ఇంత గడ్డం!" అన్నారెవరో.

శుక్ర, శనివారాల సెలవు అయి, ఆదివారం ఆఫీసు తెరవగానే ప్రార్థన చీటీలు మొదలయ్యాయి. మఠానికి వెళ్ళేవాడి ప్రార్థనకు బలం ఎక్కువ. మొదటి చీటీ ఆఫీసు మేనేజరు రిఫ్ఆత్ గారిదే. 'మా అమ్మాయి, లెక్కల పరీక్ష' అని ఉంది. తర్వాత మోకాలి నొప్పి, ఇల్లు ఖాళీ చెయ్యని అద్దెవాడు, అత్తగారి కోపం. ముస్లింలు రాశారు, కోప్టులు రాశారు, టీ తెచ్చే ఆయన రాయించుకు తెచ్చాడు. వాటిని పారెయ్యడానికి వస్ఫీకి మనసొప్పలేదు. పుస్తకంలో గుర్తులుగా పెట్టుకున్నాడు. పుస్తకం రెట్టింపు లావైంది.

సోమవారం అతను హాల్లోంచి వెళుతూ మోచెయ్యి తగిలించడంతో, రెండు నెలలుగా మూలపడ్డ జెరాక్సు మెషిను గుర్రుమని తిరిగి, ఒక కాగితం బయటికి కక్కింది.

"నేను చూశాను," అన్నాడు రిఫ్ఆత్ గారు నెమ్మదిగా. "ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. నేను చూశాను."

ఆ తర్వాత మ్యాపుల గది బయట వరస మొదలైంది. వచ్చేవాళ్ళు ఊరికే రావడం లేదు. సన్యాసికి తగిన తిండి తెస్తున్నారు. వెల్లుల్లి, మిరపకాయ కూరిన వంకాయ పచ్చడి, నువ్వుల ముద్ద, మాంసం లేకుండా వండిన బెండకాయ కూర, దాల్చినచెక్క వేసిన చింతకాయంత ద్రాక్షాకు చుట్టలు. "నెయ్యి కూడా తగలనివ్వలేదు, గరిట కొత్తది," అని ఒట్లు. ఎదురుగా నిలబడి తినేదాకా కదలరు. పధ్నాలుగేళ్ళ భోజనాల బల్లమీద కూడా ఇంతమంది ఒక్కసారిగా అతని నోటివంక చూడలేదు. ఆ వారం మొత్తంలో వస్ఫీ చదివింది పదకొండు వాక్యాలు. లెక్క ఖచ్చితమే, ఎందుకంటే పదకొండోదాన్ని ఆరుసార్లు చదివాడు.

బుధవారం ఇంటికి వెళ్ళేసరికి హాల్లో మూడు అట్టపెట్టెలు, పురికొసతో కట్టి ఉన్నాయి. పక్కన వియొలెట్ అతని ఇంటి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది.

"ఇన్షిరాహ్ ఫోన్ చేసింది. 'తమ్ముణ్ణి దేవుడికి ఇచ్చుకున్నావు, ధన్యురాలివి' అంది. ఆవిడకి తెలుసు, పరాయి ఆవిడకి! సొంత అక్కకి చెప్పలేదు!"

"అక్కా, నేనెక్కడికీ వెళ్ళట్లేదు."

"వెళ్ళేవాళ్ళంతా అలాగే అంటారు!" వియొలెట్ ముక్కు తుడుచుకుంది. "నిన్ను ఆపనురా. ఆపితే పాపం. పుస్తకాలు కట్టేశాను. అక్కడ నీకివి ఎందుకు? చర్చి లైబ్రరీకి ఇస్తానని చెప్పాను. రేపు మన చర్చి ఫాదరు, అబూనా మీసాయీల్, స్వయంగా మీ ఆఫీసుకే వచ్చి నీతో మాట్లాడతానన్నారు."

వస్ఫీ అట్టపెట్టె మీద కూర్చున్నాడు. ఒక్క గంట దాచుకోవాలని చూస్తే ఆ గంటా పోయింది, ఇప్పుడు పుస్తకాలూ పోతున్నాయి. భయపడవలసిన సమయంలో అతనికి మరో ఆలోచన వచ్చింది. ఇంతమందికి అంత స్పష్టంగా కనిపిస్తున్న ఆ సన్యాసి నిజంగా తనలో ఉన్నాడేమో? ఉంటే, తనకు చెప్పకుండా ఎందుకు ఉన్నట్టు? ఈ ప్రశ్నకు ఏ పుస్తకం సరిపోతుందా అని చూస్తే, అది మూడో పెట్టెలో అడుగున ఉంది.

గురువారం పన్నెండున్నరకు మ్యాపుల గదిలో ముప్పైమంది చేరారు. వీడ్కోలని ఎవరూ అనలేదు కాని ఇన్షిరాహ్ మదామ్ పెద్ద తపేలాతో పప్పు తెచ్చింది. అబూనా మీసాయీల్ లావుపాటి మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. కుర్చీలో కూలబడి, సంచీలోంచి ఒక గిన్నె తీసి వస్ఫీ ముందు పెట్టాడు. వియొలెట్‌ని అడిగి తెచ్చిన కోఫ్తా.

"ఈ యాభై రోజుల్లో ఉపవాసం లేదు, నాన్నా. తిను."

వస్ఫీ ఒక కోఫ్తా తీసి నోట్లో పెట్టుకున్నాడు. బాగుంది. ఇంకోటి తిన్నాడు.

"అయ్యో!" అన్నాడు రిఫ్ఆత్ గారు. "మరి మా అమ్మాయి లెక్కలు?"

"తింటున్నాడంటే మొక్కు లేనట్టేగా?" అంది ఇన్షిరాహ్ మదామ్. "మరి నేనడిగితే తలెందుకు ఊపావయ్యా?"

"మీరు వెళ్ళిపోతారని, మదామ్."

ముప్పైమంది ముందు ఆ మాట అనేశాక వస్ఫీకి చెవులు వేడెక్కాయి. ఇన్షిరాహ్ మదామ్ గరిట తపేలాలో పెట్టేసింది. ఆవిడ ముఖం చూశాక, వస్ఫీకి మిగతాది చెప్పక తప్పలేదు. ఒక్క గంట, డబ్బా, పుస్తకం, ఎవరిమీదా కోపం లేకపోవడం, ఇంట్లో మూడు అట్టపెట్టెలు. చెబుతుంటే తనకే చిన్నపిల్లవాడి ఫిర్యాదులా వినిపించింది.

అబూనా పొట్ట కదిలేలా నవ్వాడు. "తినేటప్పుడు మాటల్లేకుండా పుస్తకం కావాలి, అంతేనా? అయితే నువ్వు వెళ్ళాల్సింది మఠానికే! నాకు ఫాదరు పట్టం కట్టినప్పుడు నలభై రోజులు అక్కడున్నాను. ఒకే బల్ల, అరవైమంది, పప్పు. ఒక్కడు పుస్తకం పైకి చదువుతాడు, మిగతావాళ్ళు నోరు మూసుకుని తింటారు. ఇంకో చప్పుడుండదు."

వస్ఫీ మనసు ఒక్క క్షణం నిజంగానే ఎడారిదాకా వెళ్ళింది.

"చదివేవాడు ఎప్పుడు తింటాడు?" అని అడిగాడు.

"ఆఖర్న. చల్లారాక. ఉంటే."

మనసు తిరిగి వచ్చింది.

"అరవైమంది నోరు మూసుకుంటారా?" అంది ఇన్షిరాహ్ మదామ్. ఆవిడకు కోపం ఇంకా తగ్గలేదు. "నేనైతే నమ్మను. మూసుకునేంత ఏముంటుంది పుస్తకంలో? ఏదీ, మేం వెళ్ళిపోతే నువ్వు చదువుకునేదేదో మేముండగా చదువు, చూద్దాం."

అందరూ వస్ఫీ వంక చూశారు. అతను పుస్తకం ముందుకు లాక్కున్నాడు. సన్యాసి బొమ్మ ఉన్న అట్ట తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. 'లెక్కల పరీక్ష' చీటీ ఉన్నచోట తెరిచాడు. పైకి చదవడం మొదలుపెట్టాడు.

ఒంటరితనం కావాలని అడిగి మరీ దీపస్తంభం ఉద్యోగం వేయించుకున్న ఒక మనిషి గురించి డాక్టరు రాశాడు. మూడు నెలలు హాయిగా ఉన్నాడట. నాలుగో నెలలో, ఓడలు తనను చూసి కూడా ఆగకుండా వెళ్ళిపోతున్నాయని పై అధికారులకు ఫిర్యాదు రాశాడట.

"పాపం, అన్నం ఎవరు వండేవారు వాడికి?" అంది ఇన్షిరాహ్ మదామ్.

"ష్!" అన్నారు ఇరవై తొమ్మిదిమంది.

వస్ఫీ చదివాడు. కాసేపటికి రొట్టె తుంచుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. గదినిండా మనుషులున్నారు, ఎవరూ అతన్ని ఏమీ అడగడం లేదు. అధ్యాయం ముగిసి తలెత్తేసరికి ఇన్షిరాహ్ మదామ్ చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చుని ఉంది.

"ఆగావేం?" అంది. "వాడికి బదిలీ చేశారా, లేదా?"

వస్ఫీ పేజీ తిప్పాడు. తపేలాలో పప్పు అప్పటికే అయిపోయింది.