గైడు ఎవరింటివాడు?

1981లో తిరుత్తణి దగ్గరి అత్తిమంజేరిపేట లుంగీ నేతగాళ్ళ సంఘానికి ఇరవై అయిదేళ్ళు నిండాయి. ఆ సందర్భంగా పద్నాలుగు మందిని ఓడలో పంపి ప్రపంచం చూపించాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రపంచమంటే నాగపట్నం, సింగపూరు, క్లాంగు, పినాంగు. ఇవి కాక ఇంకేమైనా ఊళ్ళు ఉంటే అవి మన లుంగీలు పోని ఊళ్ళు కాబట్టి వాటిని చూడవలసిన అవసరం లేదని అధ్యక్షులు ఆదిమూలం గారు సభకు వివరించారు. చప్పట్లు బాగానే మోగాయి.

ఓడ మద్రాసులో కదలకముందే అందరికీ ఒక సంగతి తెలియజేశారు. ప్రతి రేవులోనూ ఓడ ఒక పగలంతా నిలుస్తుంది. దిగి ఊరు చూసి, సాయంత్రం ఆరు లోపల ఎక్కెయ్యాలి. ఊరు చూడడానికి రెండు దారులున్నాయి. ఓడవాళ్ళే బస్సు పెట్టి చూపించేది ఒకటి. ఏ రేవులో ఏం చూపిస్తారో బొమ్మలతో సహా మెట్ల దగ్గరి బోర్డుకు అంటించి ఉంటుంది. రేవులో కాచుకొని ఉండే సొంత గైడును ఎవరికి వారు కుదుర్చుకోవడం రెండోది. ఓడవాళ్ళ బస్సు ఎక్కితే ముక్కూ మొహం తెలియనివాడు మనకు ఊరు చూపిస్తాడు. ఆవును కొనడానికి పోయేటప్పుడే తెలిసినవాళ్ళు లేకుండా కదలని మనుషులం, సింగపూరు చూడడానికి ఎవడి వెంటబడితే వాడి వెంట పోతామా? అందుకని ఆదిమూలం గారి అధ్యక్షతన గైడు ఎంపిక ఉపసంఘం ఏర్పడింది. సభ్యులు ముగ్గురు. పక్షపాతానికి తావు ఉండకూడదు కాబట్టి ముగ్గురూ ఆయన బావమరుదులే.

ఉపసంఘం గైడును మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఏ ఊరు? ఎవరింటివాడివి? మాలో ఎవరికి ఏమవుతావు? ఊరిని గురించి ఏమైనా తెలుసా అనే నాలుగో ప్రశ్న కూడా ఉంటే బాగుంటుందని ఎవరో సూచించారు గానీ, సమయాభావం వల్ల దాన్ని పక్కన పెట్టారు.

ఈ ముగ్గురిలో పెద్దవాడు నటరాజు. ఆయన భార్య అమృతవల్లి. వయసు యాభైనాలుగు. బోర్డులో అన్ని రేవుల జాబితాలూ ఉండగా ఆమె కన్ను ఒక్క బొమ్మ మీదే నిలిచింది. పినాంగు కింద ఉంది ఆ బొమ్మ. పచ్చటి కొండ, ఆ కొండ మీదికి నిచ్చెన వేసినట్లు పట్టాలు, పట్టాల మీద ఒక రైలు పెట్టె. కింద ఉన్న అరవ అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కొని, అది నిజంగానే కొండెక్కే రైలని తేల్చుకొంది. తేల్చుకొన్న తరువాత ఆ రోజు భోజనం కూడా సరిగా చెయ్యలేదు.

కారణం ఉంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ప్రతి ఆడికృత్తిక పండుగకూ తిరుత్తణి కొండ మెట్లు మూడువందల అరవై అయిదూ ఎక్కిన మనిషి ఆమె. బస్సులో పైకి పోతే మొక్కు చెల్లదని అత్తగారి శాసనం. నిరుడు నడి మెట్ల మీద మోకాళ్ళు రెండూ ఒక మాట అనుకొని ఆగిపోయాయి. కావడి నటరాజుకు ఇచ్చి పంపి, తను అక్కడే కూర్చొని, ఎక్కేవాళ్ళ కాళ్ళు చూస్తూ గడిపింది. ఇంక మెట్ల పేరెత్తవద్దని తిరువళ్ళూరు డాక్టరు చెప్పేశాడు. ఆ తరువాత కొండ తనంతట తానే మనిషిని ఎత్తుకుపోతుందంటే, ఆమెకు ఆ బొమ్మ ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

మొదటి రేవు నాగపట్నం. అక్కడ గైడు ఎంపిక నిమిషంలో ముగిసింది. కే.జీ.కండిగైలో పుట్టి, నాగపట్నంలో డ్రాయింగు మాస్టరుగా రిటైరైన పెద్దమనిషి దొరికాడు. ఆయన అందరినీ నీడన కూర్చోబెట్టి, తన చిన్నప్పుడు కండిగై సంతలో వంకాయలు ఎంత లేతగా ఉండేవో నాలుగు గంటలు కళ్ళనీళ్ళతో వర్ణించాడు. నెలకు రెండుసార్లు కండిగై సంతకు పోయే ఈ పద్నాలుగు మందీ, ఓడెక్కి పోయి మళ్ళీ కండిగై సంతే చూసి, ఎంతో తృప్తిగా ఓడకు తిరిగి వచ్చారు.

సింగపూరులో పోటీ గట్టిగా ఉంది. మొదట వచ్చినవాడు నాలుగు భాషలు మాట్లాడాడు. చొక్కాకు సర్కారు బిళ్ళ ఉంది. ఊరిని గురించి అడగకుండానే గడగడా చెప్పాడు. తీరా అడిగితే పుదుచ్చేరి వైపువాడు. అటువైపు మనకు రాకపోకలు లేవని ఉపసంఘం ఆయనకు దండం పెట్టి పంపించింది. సుందరరాజులు అనే కుర్రవాడి పిన్నమ్మను మన పక్కనున్న పళ్ళిపట్టులో ఇచ్చారని తేలడంతో అతన్ని ఎంపిక చేశారు. సుందరరాజులు సింగపూరు వచ్చి ఎనిమిది నెలలు. తనకు తెలిసినదేదీ దాచుకోకుండా చూపించాడు. తన గది, గది బయట బట్టలు ఆరేసే తాడు, తను పని చేసే బట్టల అంగడి. అంగడిలో మన లుంగీలు దొంతరలుగా ఉన్నాయి. అంతే, పద్నాలుగు మందీ చాప మీద కూర్చొని ఒక్కొక్క లుంగీ విప్పి, అంచు వేలితో తడిమి, ఇది ఎవరి మగ్గం మీద నేసిందో తేల్చడానికి దిగారు. నీలం గళ్ళది ధనకోటి నేసిందని ఒకరు, ధనకోటికి అంత బిగువు యాడిదని ఇంకొకరు. సింగపూరు అలా ముగిసింది.

క్లాంగులో చిక్కు వచ్చింది. తెలుగువాడు ఒకడు ఎదురై, నవ్వుతూ, "ఏటండీ, ఎలాగున్నారు? నాను సూపిత్తాను రండి" అన్నాడు. వాళ్ళ తాతలు విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటలకు పోయారట. ఉపసంఘం పక్కకు పోయి ఆలోచించుకొని వచ్చింది. "తెలుగే, అర్థమైతా ఉంది. కానీ మనది కాదు" అన్నాడు నటరాజు. వేరే గైడు దొరకలేదు. ఎవరూ దిగలేదు. సాయంత్రం దాకా ఓడ కమ్మీ పట్టుకొని నిలబడి చూసి, క్లాంగు చూడదగిన ఊరు కాదని తీర్మానం రాసుకొన్నారు.

అప్పటికి అమృతవల్లికి భయం పట్టుకొంది. మిగిలింది పినాంగు ఒక్కటే.

"తమ్ముడూ, పినాంగులో మాత్రం ఓడోళ్ళ బస్సు ఎక్కుదాం. రైలుంది" అని వరసకు తమ్ముడయ్యే ఆదిమూలాన్ని అడిగింది.

"ఉపసంఘం చూసుకుంటుంది అక్కా. నువ్వు సుమ్మా, ఊరికే ఉండు" అన్నాడు ఆదిమూలం.

పినాంగు రేవులో షణ్ముగం నిలబడి ఉన్నాడు. నలభై అయిదేళ్ళవాడు, సొంత కారు ఉన్న గైడు. ఏ ఊరని అడిగారు. పుట్టింది పినాంగే అన్నాడు. ఉపసంఘం మొహాలు వాలిపోయాయి. "మా నాయన్ను కన్న అవ్వది మాత్రం అత్తిమంజేరిపేట" అన్నాడు. అంతే. నటరాజు అతన్ని కావలించుకొన్నాడు. విచారణ సాగగా, ఆ అవ్వ పుట్టిల్లు అమృతవల్లి పుట్టింటికి రెండిళ్ళ అవతలదేనని, ఈమె అతనికి వరసకు అత్త అవుతుందని తేలింది. ఉపసంఘం చరిత్రలో ఇంతటి అర్హత గల గైడు దొరకలేదు.

అంత అర్హత గల గైడు తన ఇల్లు చూపించకుండా ఊరు చూపిస్తాడా? ఒక కారులో అయ్యే పని కాదని, ఇంకో రెండు కార్లు తెప్పించి అందరినీ ఇంటికి తీసుకుపోయాడు. షణ్ముగం భార్య కాంచన కాళ్ళకు నీళ్ళిచ్చింది. గోడ మీది ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా చూపించారు. పదకొండు గంటలకు హాల్లో వరసగా ఆకులు పరిచారు.

"నాయినా షణ్ముగం, కొండ రైలు?" అని అడిగింది అమృతవల్లి.

షణ్ముగం వెనక కిటికీ తెరిచాడు. "ఇదో అత్తా, ఆ పచ్చగా కనబడేదే కొండ."

ఆదిమూలం వెంటనే ఆ కార్యక్రమాన్ని ముగించారు. "కొండ చూసినాం. అందరూ చూసినారు గదా? చూడనోళ్ళు ఉంటే చెయ్యెత్తండి."

అమృతవల్లి చెయ్యెత్తింది.

"చూస్తానే ఉండావు గదక్కా!"

"చూసేదానికి కాదు తమ్ముడూ, ఎక్కేదానికి. నాయినా, ఆ రైల్లో నువ్వు ఎన్నిసార్లు పోయినావు?"

షణ్ముగం తల గోక్కున్నాడు. "నేను యాడ పోయినా అత్తా. టూరిస్టుల్ని ఆడ దించి, కారు కాడ నిలబడుకొని ఉంటా. ఎప్పుడైనా ఎక్కొచ్చులే అని ఇరవై ఏళ్ళు అయిపోయె."

"ఏమ్మే, మన తిరుత్తణిలో కొండ లేదా?" అన్నాడు నటరాజు విసుగ్గా.

"ఉంది. ఆ కొండ నేను ఎవరికోసం ఎక్కినా? కొడుకు పుట్టాలని రెండేళ్ళు. నీ కడుపునొప్పి పోవాలని మూడేళ్ళు. నీ చెల్లెలికి సంబంధం కుదరాలని ఆరేళ్ళు. ఒక్క కొండైనా ఏ మొక్కూ లేకుండా, సుమ్మా, నా కోసరం నేను ఎక్కొద్దా?"

ఆ చెల్లెలు దేవకి అక్కడే కూర్చొని ఉంది. అధ్యక్షుల వారి భార్య ఆమే. "వదినె చెప్పేది నిజం. ఆరేళ్ళు మెట్లెక్కి దేవుణ్ణి అడిగితే దొరికిన సంబంధం ఇదో, ఈయనే" అని ఆదిమూలం వైపు వేలు చూపింది. "ఎక్కకుండా ఉండింటే బాగుండునేమో, నాకు తెలీదు."

అధ్యక్షులు ఈ వ్యాఖ్యను రికార్డులోకి ఎక్కించనక్కర లేదని భావించి, భోజనాలు కానిద్దామన్నారు. అందరూ ఆకుల ముందు కూర్చొన్నారు. అన్నం పడింది, సాంబారు పడింది, అప్పడాలు పడ్డాయి. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అత్తిమంజేరిపేటలో మనమంతా మరిచిపోయింది, షణ్ముగం వాళ్ళ అవ్వ ఓడలో మూటగట్టుకొని పోయి అక్కడ నిలబెట్టింది. పుట్టింటి వైపు పెద్దావిడ పంక్తిలో ఉంటే, ఆమె మొదటి ముద్ద ఎత్తందే ఇంకొకరు ఆకు ముట్టకూడదు. ఆ పెద్దావిడ ఇప్పుడు అమృతవల్లి. ఆమె మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, కిటికీలోంచి కొండను చూస్తూ కూర్చొంది.

"తినక్కా" అన్నాడు ఆదిమూలం.

"ఆకలి లేదు తమ్ముడూ."

"అత్త తినందే ఎవరికీ వద్దు" అంటూ కాంచన నెయ్యి గిన్నె లోపలికి తీసుకుపోయింది.

పద్నాలుగు ఆకుల మీద అన్నం పొగలు కక్కుతూ చల్లారుతోంది. నాలుగు ఊళ్ళ గైడులను నిలదీసి ప్రశ్నించిన ఉపసంఘానికి ఇప్పుడు ఒక్క ప్రశ్న కూడా తోచలేదు. వరసలు పెట్టింది వాళ్ళే. తెగ్గొట్టడం ఎలాగో వాళ్ళకూ తెలియదు. సాంబారు మీద పొర కట్టింది. చివరికి నటరాజే లేచాడు. "రారా షణ్ముగం, సీక్రం కార్లు తియ్. రైలంట, ఆ రైలు సంగతేందో చూసి వచ్చి తిందాం."

ఆకుల మీద ఆకులు మూసిపెట్టి అందరూ బయలుదేరారు.

అమృతవల్లిని అందరికంటే ముందర, గాజు పక్కన కూర్చోబెట్టారు. పెట్టె ఒక్క జర్కు ఇచ్చి కదిలింది. ఇనుప తాడు ఒకటి పైనుంచి లాగుతోంది. పైనుంచి ఇంకో పెట్టె కిందికి దిగుతోంది. మగ్గం కింద తొక్కుడు కర్రలు ఒకటి దిగితే ఒకటి లేచినట్లు. చెట్ల కొమ్మలు వెనక్కి పోతున్నాయి. ఆమె తన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొంది. అవి ఏమీ అనలేదు. జన్మలో మొదటిసారి కొండ ఎక్కుతూ ఎవరి పేరూ తలుచుకోలేదు. నడుమ ఒకచోట దిగి వేరే పెట్టె మారవలసి వచ్చినప్పుడు, చెయ్యి పట్టుకోబోయిన నటరాజును వద్దని తనే దిగి, తనే ఎక్కింది. పక్కన షణ్ముగం ముక్కు గాజుకు అంటించి, "అత్తా, మా ఇల్లు చూడు! అదో మా ఇల్లు!" అని పసిపిల్లవాడిలా అరుస్తున్నాడు.

కొండ మీద చల్లటి గాలి. కింద పినాంగు, సముద్రం, అగ్గిపెట్టెంత ఓడ. అమృతవల్లీ షణ్ముగమూ కమ్మీ పట్టుకొని చూస్తూ నిలబడ్డారు. మిగతా పదముగ్గురూ దిగీ దిగగానే టీ అంగడి మనిషిది మనవైపు పళవేర్కాడు అని కనిపెట్టి, సముద్రానికి వీపు తిప్పి, అతని చుట్టూ మూగారు. ఆ మధ్యాహ్నం వాళ్ళు తెలుసుకొన్నది చాలా ఉంది. అతని తమ్ముడు పొన్నేరిలో రొయ్యల వ్యాపారం చేస్తున్నాడు. పెద్ద కూతురు వయసుకు వచ్చింది.

మూడు గంటలకు కిందికి వచ్చి, చల్లారిన సాంబారన్నం ముందు కూర్చొన్నారు. అమృతవల్లి మొదటి ముద్ద ఎత్తింది. మరి రెండు ముద్దలు వెంటవెంటనే ఎత్తింది. ఆరు లోపల ఓడ ఎక్కారు.

ఊళ్ళో సన్మానం ఘనంగా జరిగింది. ఆదిమూలం గారు మెడలో దండతో నిలబడి, "లోకమంతా తిరిగి వచ్చినాం. తేలింది ఏమంటే, లోకమంతా మనోళ్ళే" అన్నారు. తరువాత ఆడవాళ్ళ వైపు నుంచి అమృతవల్లిని రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె రైలు గురించి చెప్పింది. పట్టాలు ఎంత నిట్రంగా, నిచ్చెన మాదిరి ఉన్నాయో, గాలి ఎంత చల్లగా ఉందో, ఓడ ఎంత చిన్నగా కనబడిందో, అన్నీ చెప్పింది. సభ శ్రద్ధగా విన్నది.

"ఆ రైలు నడిపినాయన ఎవరింటోడు?" అని వెనక నుంచి ఒక ముసలాయన అడిగాడు.

"అడగలేదు మామా."

సభలో జాలి పుట్టింది. అంత దూరం పోయి అడగకుండా వచ్చిందా అని పక్కవాళ్ళు గుసగుసలాడారు. సంఘం ప్రత్యేక సంచిక అచ్చువేసినప్పుడు షణ్ముగం వంశవృక్షానికి నాలుగు పేజీలు, పళవేర్కాడు టీ అంగడికి రెండు పేజీలు పోను, రైలుకు చోటు చాలలేదు. ఊళ్ళో ఎవరూ దాని గురించి అడగలేదు. షణ్ముగం అవ్వ పెద్దక్క పేరు తప్పుపడిందని మాత్రం పదిహేడు ఉత్తరాలు వచ్చాయి. అమృతవల్లి ఆ సంచికను చివరిదాకా కూడబలుక్కొని చదివి, నవ్వి, మగ్గం దగ్గరికి పోయింది.

మీరూ నవ్వుతున్నారు. నవ్వండి. మొన్న మీరు రైల్లో కిటికీ పక్క సీటు దొరికించుకొని, ఎదుటి సీటు పెద్దమనిషితో ఆరు గంటలు మాట్లాడుతూ పోయారు గదా, ఆ దారిలో ఎన్ని నదులు దాటారు, ఎన్ని కొండలు చూశారు? గుర్తు రావడం లేదా? పరవాలేదు. ఆయన చిన్నల్లుడు ఏ డిపోలో కండక్టరో మీకు బాగానే గుర్తుండి ఉంటుంది.