నాలుగో ఎడిషన్ వీరులకు తెలియజేయడమేమనగా

చింతపల్లి బస్టాండు పక్కన, నా జెరాక్స్ షాపు వెనక గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం సమావేశమయ్యే వీరుల సంఘం తరఫున ప్రజలకు తెలియజేయడమేమనగా: 'మహారణ్యం' ఆట నియమాల పుస్తకానికి నాలుగో ఎడిషన్ వచ్చినందున, ఇంతవరకు మూడో ఎడిషన్ కింద బతికున్న వీరులందరూ రద్దయ్యారు. ఇకమీదట బతకదలచిన వీరులు కొత్త నమూనాలో మళ్లీ రాయించుకోవాలి. సంఘ కార్యదర్శిని నేనే. షాపు నాది కనుక ఎన్నిక అవసరం పడలేదు.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. ఇందులో బోర్డూ పేకా ఉండవు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలో వీరుడై తామేం చేస్తారో చెబుతారు. చేసిన పని ఫలించిందో బెడిసిందో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. వీరుడి బలం, విద్యలు, సంచిలో సామాను అన్నీ ఒక కాగితం మీద ఉంటాయి. కాగితం ఉంటే వీరుడు ఉన్నట్టు. కాగితం పోతే ఎంత మొనగాడైనా లేనట్టే. ఈ సంగతి మా మన్యంలో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర లేకపోయింది.

కథ నడిపేది సాయినాథ్. నర్సీపట్నం కుర్రాడు, ఇక్కడొక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. ఏ ఆఫీసో చెప్పను, నా మెషిన్‌కి పని వచ్చేది అక్కడినుంచే. హేమలత టీచరుది మంత్రగత్తె పాత్ర. జీపు డ్రైవరు వరహాలు ఆటలో గుర్రపు రౌతు. ఆ గుర్రం మీద కూడా పద్నాలుగు మందిని ఎక్కిస్తానంటాడు. ఇక గాసి. కొండ మీది ఊరు, రెండెకరాల కాఫీ తోట, సిల్వరోకు చెట్లకు పాకిన మిరియం తీగలు, అన్నీ తండ్రి సుక్రు చేతుల మీద లేచినవే. తన వీరుడికి తాత పేరు పెట్టుకున్నాడు, బుధు అని. అడవిలో పుట్టిన వేటగాడు. ఆరేళ్లుగా చావలేదు.

గాసికి యాభై దాటాయి, సాయినాథ్‌కి ఇరవై ఎనిమిది. గాసి 'బాబూ, మీరు' అంటాడు. సాయినాథ్ 'ఏం గాసీ, నువ్వు' అంటాడు. ఇది ఏ ఎడిషన్‌లోనూ మారలేదు.

కొత్త పుస్తకం మూడొందల ఇరవై పేజీలు, అంతా ఇంగ్లీషు. టీచరు చదివి చెప్పింది. ఇకపై మంత్రగత్తె ఏ మంత్రం వేసినా దాని ఉద్దేశం ముందే రాసి చూపించాలి. టీచరు ఎంతో సంతోషించింది, బళ్లో చేసేది అదే కదా. గుర్రం మీద ఇద్దరికి మించి ఎక్కరాదు. వరహాలు సంఘానికి రాజీనామా చేసి, టీ వచ్చేసరికి ఉపసంహరించుకున్నాడు. నలభై ఒకటో పేజీలో గాసి సంగతి ఉంది. ఇదివరకు అడవిలో పుట్టిన వీరుడు అడవిలో దారి తప్పడు, పాచిక వేయనక్కర లేదు. ఇప్పుడా లక్షణం తీసేశారు. అడవి తెలియడం ఒక విద్య అట, రాజధానిలోని గురుకులంలో రెండేళ్లు చదివితే వస్తుందట. చదవనివాడు ఎక్కడ పుట్టినా అడవికి పరాయివాడే.

కొత్త నమూనా వీరుడికి నాలుగు పేజీలు. అంత కాగితం ఎక్కడిది? సాయినాథ్ ఆఫీసు నుంచి ఒక కట్ట తెచ్చాడు. ఒకవైపే అచ్చు, వెనక తెల్లగా మల్లెపువ్వులా ఉంది. ఆ అచ్చు నా మెషిన్ మీద తీసిందే. అందులో ఏముందో నేను చదవలేదు. చదవడం మొదలుపెడితే జెరాక్స్ షాపు నడవదు.

మొదటి ఆదివారమే బుధు తన ఇల్లు కనబడేంత దూరంలో మూడుసార్లు దారి తప్పాడు. మూడోసారి తానే పందుల కోసం తవ్విన గోతిలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"నాను తవ్విన గోతిలో నానే పడతానేటి బాబూ? ఈ పుస్తకం రాసినోడు ఎప్పుడైనా అడివి సూసినాడేటి?" అన్నాడు గాసి.

సాయినాథ్ లేచి నిలబడ్డాడు. "మిత్రులారా! నియమాలు పెద్దలు అందరి మేలూ ఆలోచించి పెడతారు. అడవిలో పుట్టడం అర్హత కాదు, అదొక సంఘటన మాత్రమే. అయినా మనది ప్రజాస్వామ్యం. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా రాతపూర్వకంగా సమర్పించుకోవచ్చు. గడువు దాటాక వచ్చినవి పరిశీలించబడవు." అందరం చప్పట్లు కొట్టాం. గాసి కూడా కొట్టాడు.

ఆ తర్వాత మా సంఘం చూపించిన పౌరుషం ఈ మన్యంలో ఈమధ్య ఎవరూ చూసి ఉండరు. టీచరు మూడో ఎడిషన్నీ నాలుగో ఎడిషన్నీ పక్కపక్కన పెట్టి మాట మాట పోల్చింది. వరహాలు లంబసింగి ఘాట్ మలుపులో జీపు ఆపి, ప్రయాణికులకు నలభై ఒకటో పేజీ అన్యాయం వివరించి, వాళ్లు సంతకాలు పెట్టాకే కదిలించాడు. టిఫిన్ల అచ్చియమ్మకు ఆటంటే ఏమిటో తెలియదు. "ఎవులి అడివైతే ఏటి, అడివి తెలిసినోడిని పరాయోడంటారేటి!" అని వేలిముద్ర వేసింది. నేను పన్నెండు పాయింట్ల అర్జీ టైపు చేసి ఆ పుస్తకం వేసిన కంపెనీకి పంపాను. ఇరవై ఎనిమిదో రోజున జవాబు వచ్చింది: కథ నడిపేవారు తమ దగ్గర ఏ నియమమైనా మార్చుకోవచ్చు.

సాయినాథ్ పెద్ద మనసుతో మార్చేశాడు. మిఠాయిలు పంచాం. "నీ అడవి నీకొచ్చేసింది, రాసుకో గాసీ" అన్నాడు.

బుధు దారి తప్పడు అని రాసుకోవడానికి గాసి కాగితంలో చోటు లేకపోయింది. వెనక్కి తిప్పాడు. అచ్చక్షరాల కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకే చదివాడు. అటవీ హద్దుల సవరణ. కొత్త హద్దు లోపలికి వచ్చినందున సాగు నిలిపివేయవలసినవారు. వరుస సంఖ్య పదిహేడు, గాసి, తండ్రి సుక్రు, కాఫీ, రెండెకరాలు. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా రాతపూర్వకంగా సమర్పించుకోవచ్చు. గడువు దాటాక వచ్చినవి పరిశీలించబడవు.

గడువు దాటి పదకొండు రోజులైంది. ఆ కట్ట కొండ మీది ఊళ్లలో అతికించవలసిందట. ఆ వారం కొండచరియ పడి జీపులు ఆగిపోయాయి. ఆఫీసు రిజిస్టరులో మాత్రం అతికించినట్టే ఉంది.

"బాబూ, దీనికీ ఒక అర్జీ రాద్దుమా? పన్నెండు పాయింట్లు అక్కర్నేదు. ఒక్కటి సాలు" అన్నాడు గాసి.

సాయినాథ్ పాచిక వైపు చూస్తూ, "అక్కడ కథ నడిపేది నేను కాదు కదా గాసీ. అయినా ఆఫీసు విషయాలు ఆదివారం మాట్లాడుకోకూడదు" అన్నాడు. టీచరుకు మర్నాడు ఇన్స్పెక్షను ఉందని గుర్తొచ్చింది. వరహాలు జీపు నిండిపోనాదని బేగి లేచాడు. అర్జీ నా కంప్యూటర్లోనే ఉంది, పేర్లు మారిస్తే చాలు. నేను స్విచ్చి వైపు చెయ్యి చాపి, ఆఫీసు పనిమీద బతికే మెషిన్ గుర్తొచ్చి, కరెంటు లేదన్నాను. నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. గాసి దానివైపు ఒకసారి చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ ఫ్యాను ఆపలేదు.

గాసి కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

అయినా ఆట ఆగలేదు. నాలుగో ఎడిషన్ ఎనభై ఎనిమిదో పేజీ ప్రకారం, రాని ఆటగాడి వీరుడిని కథ నడిపేవారే నడపవచ్చు. కొత్త కాగితం మీద మళ్లీ రాసుకున్న బుధు ఇప్పుడు సాయినాథ్ చేతిలో ఉన్నాడు. అడవిలో ఒక్కసారి కూడా దారి తప్పడం లేదు.

ఈ ప్రకటన అందరికీ అందాలని రెండొందల కాపీలు తీశాం. ఒకవైపే అచ్చు వేశాం. వెనక తెల్లగా ఉంది, మీకు దేనికైనా పనికొస్తుంది.