మళ్లీ పదేళ్ల దాకా షిప్పు లేదు

వైజాగ్ నుంచి షిప్పులో చేరే దీవిలో, ప్రోతరాపూర్‌లో పుట్టి పెరిగిన ప్రమోద బెంగళూరులో అంతరిక్ష నౌకలకు దారి లెక్కగట్టే ఇంజనీరు. ఒక తోకచుక్క దగ్గరికి నౌకను పంపే పథకమే ఏళ్ల తరబడి ఆమెకు తిండీ నిద్రా అయింది. సెలవు మీద ఇంటికొచ్చినా ఆ ఉదయం వీడియో కాల్‌లో కమిటీకి దారి వివరించాలి. వాళ్లు ఊఁ అంటే చాలు, మధ్యాహ్నం చేపల పులుసు తిని హాయిగా పడుకుందామనుకుంది.

ముందుగా వరండాలో నిలబడి సహోద్యోగి యుగంధర్‌కు ఫోన్ చేసింది.

"ఈసారి మన షిప్ బయల్దేరకపోతే అంతే సంగతులు. మళ్లీ పదేళ్ల దాకా ఛాన్సే లేదు!"

గోడవతల బట్టలారేస్తున్న బుల్లమ్మ చేతిలోంచి చీర జారిపోయింది. వచ్చే నెల వైజాగ్‌లో ఆమె మనవరాలి పెళ్లి.

"ఒరే అసిరయ్యా! వైజాగ్ షిప్పు బంద్ అటరా! పదేళ్లంట!" అని ఎదురింటి తమ్ముడికి కేకేసింది.

"ఎవలు సెప్పినారు?"

"ప్రమోద. పెద్దాఫీసరు కదేటి, దానికి తెలీదా?"

వల బాగుచేసుకుంటున్న అసిరయ్య వలొదిలేసి బస్సెక్కాడు. బస్సు టౌన్‌లోని అబర్డీన్ బజార్ చేరేసరికి షిప్పు బంద్ కాలేదు, మునిగిపోయింది. ఇక సరుకు రాదని ఉల్లిపాయల కొట్టు ముందు తోపులాట మొదలైంది. సగం జనం ఓడల ఆఫీసు మీదికి, సగం ప్రమోద ఇంటి మీదికి వచ్చారు. అందరూ వైజాగ్ చుట్టాలకు ఒకేసారి ఫోన్లు కలిపారు.

అప్పటికి కాల్‌లో ఉన్న ప్రమోద కిటికీలోంచి అరిచింది. "భయ్యా, అది సముద్రం మీద పోయేది కాదు, ఆకాశంలో పోయేది!"

"అరే! అయితే ఫ్లైట్లు కూడా బందా?"

గుంపు గొల్లుమంది. మరిన్ని ఫోన్లు మోగాయి. ప్రమోద కంగారుగా స్క్రీన్ వైపు తిరిగి, "అంగారకుడి ఆకర్షణతో వచ్చే ఊపు అందకపోతే మన నౌక తోకచుక్కను ఎప్పటికీ చేరదు. కానీ ఆ ఊపు తప్పకుండా అందుతుంది" అంది. అంత రద్దీలో నెట్ మధ్యమధ్య తెగుతూ చివరికి కుప్పకూలింది. కమిటీకి వినబడింది "మన నౌక తోకచుక్కను ఎప్పటికీ చేరదు" అన్న ముక్క ఒక్కటే. ఆ తర్వాత తెరమీద ఆమె నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

సాయంత్రానికి యుగంధర్ ఫోన్ కలిసింది. "పక్కన పెట్టేశారు ప్రమోదా. దారి వేసిన మనిషే చేరదంటే ఇక మేం చూసేదేముంది అన్నారు."

ఆమె వరండా మెట్ల మీద కూలబడింది. ఇన్నేళ్ల లెక్కలూ ఒక్క పూటలో గాలికి పోయాయి.

అంతలో వీధిలో డప్పులు. జనాన్ని చూసి హడలిపోయిన ఓడల ఆఫీసు వైజాగ్‌కు అదనంగా ఇంకో షిప్పు వేసిందట.

"నువ్వు గట్టిగా మాటాడబట్టే కదమ్మీ!" అంటూ బుల్లమ్మ ప్రమోద మెడలో దండ వేసింది.

ప్రమోద వెక్కి వెక్కి ఏడ్చింది. ఆనందబాష్పాలనుకుని అసిరయ్య ఇంకో దండ వేశాడు.