ఉడుముల కోనలో సొంతిళ్ళు

శనివారం పొద్దున ఆరు గంటలకు అలిపిరి దగ్గర వ్యాను ఎక్కేటప్పుడు రూపేష్ పథకం చాలా సులువుగా ఉంది. భాకరాపేట దాటి అడవిలో దిగాలి. ఉడుముల కోనలో ఎండిన వంక వెంబడి మూడు గంటలు నడవాలి. పెద్ద మడుగు దగ్గర బరువులు దించి, పక్క కోనలన్నీ చూసి, రాత్రికి ఇసుకలో గుడారాలు వేసుకుని ఆదివారం ఇల్లు చేరాలి. అటవీ శాఖ అనుమతి చేతిలోనే ఉంది. కన్నతండ్రి అనుమతి మాత్రం సగమే ఉంది.

తండ్రి మునస్వామికి చిత్తూరులో ఎరువుల అంగడి. కొడుకు ట్రెక్కింగ్ గైడునవుతానన్న రోజు నుంచి ఆయనకు ముద్ద దిగడం లేదు. చివరికి ఒక మాట మీదికి వచ్చాడు. "మొదటి ట్రిప్పుకు నేనూ వస్తా. అందర్నీ సక్కంగా తీసకపోయి తీసకొస్తే నీ ఇష్టం. దారి తప్పినావో, సోమారం నుంచి అంగట్లో కూర్సోవల్ల." రూపేష్ ఒప్పుకున్నాడు. యూరియా వాసనకే తలనొప్పి వచ్చేవాడికి వేరే గతి ఏముంది?

ట్రిప్పుకు డబ్బు కట్టి వచ్చినవాళ్ళు ముగ్గురు. పాకాలలో గడియారాలు బాగుచేసే నాయబ్ రసూల్, ఆయన భార్య ఉమ్మే సల్మా, తిరుపతిలో ఇరవై రెండేళ్ళలో తొమ్మిది అద్దె ఇళ్ళు మారిన రిటైర్డ్ టీచరు లోకేశ్వరి. ముగ్గురికీ సొంతిల్లు లేదు. ఆ సంగతి గైడు అడిగి తెలుసుకోవాల్సిందని ఏ శిక్షణలోనూ చెప్పరు పాపం.

మడుగు దగ్గర తిండి, నీళ్ళ క్యాన్లు అన్నీ దించేసి, తలా ఒక చిన్న సీసాతో పక్క కోనల్లోకి బయలుదేరారు. అక్కడి తంతు వేరు. బండల మధ్య సందులో దూరితే ఒక కోన, ఆ కోనలో మళ్ళీ నాలుగు సందులు, అన్నీ ఒక్క పోలికే. అందుకని కొత్త కోనలోకి వచ్చిన ప్రతిసారీ, తాము బయటపడ్డ సందు పక్కన రూపేష్ మూడు రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి ముందుకు సాగాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. గుర్తులు పెట్టుకునే గైడు తండ్రికి లోకువ అవుతాడని భయం.

వెనక వస్తున్న లోకేశ్వరి ఆ రాళ్ళు చూసి ఆగిపోయింది. తిరుమల కాలిదారిలో రాళ్ళు పేర్చి సొంతిల్లు కావాలని మొక్కుకోవడం ఆమెకు ఏటా ఉన్నదే.

"సూడు సల్మా, పిల్లోడు ఇంటికి మొక్కుకుంటా ఉండాడు. అడవిలో మొక్కితే తొందరగా తీరుతుందేమో."

"మేం కూడా పేర్చొచ్చా టీచరమ్మా?"

"అద్దె బాధకు మతమేముండాది? పేర్చు."

పిల్లవాడు మూడు పేర్చాడు కాబట్టి మూడే శాస్త్రమనుకుని అందరూ మూడేసి పేర్చారు. చోటు చాలక తలా ఒక సందు పక్కన, సల్మా రసూల్ మాత్రం ఇద్దరూ కలిసి ఒకటి పేర్చారు. మునస్వామి మొదట నవ్వాడు. తర్వాత ఎవరూ చూడటం లేదనుకుని, గోడౌను కావాలని తానూ ఒకటి పేర్చాడు. నాలుగు కోనల్లోనూ ఇదే వరస.

మధ్యాహ్నం మూడింటికి వెనక్కి తిరిగిన రూపేష్‌కు ప్రతి సందు పక్కనా మూడు రాళ్ళు కనిపించాయి.

"ఇవి ఎవురు పెట్టినారు?"

"అందరం పెట్టినాం నాయనా. నువ్వొక్కడివే కట్టుకుంటే సాలునా?" అంది లోకేశ్వరి.

తండ్రి తననే చూస్తున్నాడు. "బాగుండాయి" అని రూపేష్ కుడి సందులో దూరాడు. ఎదురుగా నిలువెత్తు బండ, దారి లేదు. మళ్ళీ ఇటు రాకూడదని తన ఎర్ర తువ్వాలు చించి ఒక పీలిక ఆ సందు దగ్గరి పొదకు కట్టాడు.

వెనక్కి తిరిగేసరికి సల్మా చేతిగుడ్డ చించుతోంది.

"దర్గా కాడ కూడా ఇట్లే కడతాము బాబూ. మా చెల్లెలికి పిల్లల్లేరు" అంటూ పక్క సందు పొదకు కట్టింది. లోకేశ్వరి మోకాళ్ళ నొప్పికి ఇంకో పొదకు కట్టింది. మునస్వామి పైపంచ అంచు చింపి, కొడుక్కి పెళ్ళి కావాలని నాలుగో పొద చూసుకున్నాడు.

సీసాల్లో నీళ్ళు అడుగంటాయి. పొద్దు వాలి ఎండ బండల కొసలకు ఎక్కుతోంది. రసూల్ రెండుసార్లు గడియారం చూసి, పెదవులు తడుపుకున్నాడు. సల్మా ఇసుకలో కూలబడింది. ఇక దాచే ఓపిక రూపేష్‌కు లేకపోయింది.

"నాయనా, దారి తప్పినాము. ఆ రాళ్ళు మొక్కు కాదు, గుర్తు. గుడ్డ కూడా గుర్తే."

"ఆ మాట పొద్దున్నే సెప్పుంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అన్నాడు మునస్వామి. ఆ తర్వాత చుట్టూ చూసి గొంతు సవరించుకున్నాడు. "గోడౌన్లో రైతుల బస్తాలు కలిసిపోతే ఏం సేస్తాను? ఎవురివి వాళ్ళని ఏరుకోమంటాను. మిగిలింది నాది. రాండి, ఎవురి ఇల్లు వాళ్ళు సూపించండి."

"ఇది నాది" అంది లోకేశ్వరి తడుముకోకుండా. "ముందర చిన్న రాయి పెట్టినా, తులసికోటకని."

"ఇది మాది. ఆయన తూకం చూసి నిలబెట్టినారు, కదలదు" అంది సల్మా.

"ఆ వంకర్ది నా గోడౌను" అన్నాడు మునస్వామి. "ఎవురిదీ కానిది మావోడిది. ఆ సందులో దూరండి."

నాలుగు కోనల్లోనూ ఇళ్ళు పంచుకుంటూ నడిచారు. ఒకచోట తులసికోట ఎవరిదని చిన్న తగువు వచ్చింది, అదీ తీరింది. వెలుతురు ఉండగానే మడుగు దగ్గరికి చేరి కడుపునిండా నీళ్ళు తాగారు. తన ఇల్లు ఎక్కడుందో మరిచిపోయేవాడు లోకంలో ఎవడూ ఉండడు, ఆ ఇల్లు మూడు రాళ్ళదైనా సరే.

ఆదివారం వ్యానులో రూపేష్ తల వంచుకుని కూర్చున్నాడు. లోకేశ్వరి మాత్రం ఉషారుగా ఉంది. "వచ్చే నెల మా అక్కోళ్ళను పిలుచుకొస్తా. తొమ్మిది మందీ అద్దిళ్ళలోనే ఉండారు. అయితే మునస్వామన్నా, మీరే తీసకపోవల్ల." రసూల్ పాకాల నుంచి ఇంకో పన్నెండు మంది పేర్లు రాయించాడు. మునస్వామి వద్దు వద్దంటూనే కొడుకు బూట్ల సైజు ఎంతని అడిగాడు.

చిత్తూరులో దిగాక రూపేష్ ధైర్యం చేసి అడిగాడు. "నాయనా, అయితే ఈ పని మంచిదేనని ఒప్పుకున్నట్టేనా?"

"మంచిదే అబ్బోడా. అందుకే నేను పోతాండా. మాట ప్రకారం నువ్వు అంగట్లో కూర్సో, రెండూ మూసుకోలేము గదా."

ఇప్పుడు శని, ఆదివారాల్లో ఎరువుల కోసం వచ్చే రైతులకు రూపేష్ ఒకటే మాట చెబుతున్నాడు: "నాయన కొండల్లో ఉండాడు, ఏ పంటకు ఏమెయ్యల్లో ఆయన దిగినాక అడగండి."