రెండో సీసా

ఆ రోజు పొద్దున్న పళ్ళ డాక్టరు పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండు గంటల దాకా పగడాలను కళకళలాడించడం.

ఆయన ఆసుపత్రి ముందుగదిలో, రోగుల బెంచీకి ఎదురుగా ఉప్పునీటి గాజుతొట్టి ఉంది. అందులో వేళ్ళలా ఊగే పగడాలు, వాటి చాటున ఒక నారింజరంగు చేప. పైన "రోగులు తొట్టిని ముట్టుకోరాదు" అని బోర్డు. ఆ మూలలో ఎక్స్‌రే మిషను పెట్టాలని భార్య పట్టు. పదకొండింటికి వడ్రంగిని వెంటబెట్టుకొని వస్తాననీ, ఒక్క పగడం వాడినట్టు కనిపించినా తొట్టి బయటికి, మిషను లోపలికి అనీ ముందురోజే చెప్పేసింది. ఆవిడ చెప్పిందంటే రాతిమీద గీత.

పగడాలు గూడు కట్టుకోవాలంటే రోజూ ఖనిజాలు అందాలి. మొదటి సీసాలో కాల్షియం. అరగంట ఆగి రెండో సీసా, అంటే క్షారం. దాన్ని ఎక్కువ పోస్తే తొట్టి తెల్లటి సున్నపునీళ్ళయిపోతుంది. మూడో బుల్లి సీసాలో బలం మందు, రెండే చుక్కలు. డాక్టరు రోజూ తొమ్మిదింటికి మొదటిది పోసేవాడు. ఈలోగా ఎవరో ఒకరు దవడ పట్టుకొని వచ్చేవారు. సాయంత్రం రెండోది పోశానా లేదా అని అనుమానం వస్తే సీసా వంక చూసేవాడు. మట్టం తగ్గే ఉండేది. పోసే ఉంటాలే అనుకొని ఇంటికి పోయేవాడు.

ఇవాళ మాత్రం మరిచిపోకూడదని అరచేతిలో "రెండు" అని రాసుకున్నాడు.

మొదటిది పోయగానే లెక్కల మాస్టారు వాచిన బుగ్గతో వచ్చాడు. డాక్టరు ఆయనకు మత్తుసూది వేసి, నోట్లో దూది కుక్కి, మత్తు ఎక్కేదాకా తొట్టి ఎదురుగా కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాడు. రెండో సీసా సంగతి డాక్టరుకు ఏనాడూ గుర్తుండదని నర్సుకు తెలుసు. పాపం, ఇవాళైనా ఆయన్ను గట్టెక్కిద్దామని అటూ ఇటూ చూసి పెద్ద సిరంజి నిండా తీసి పోసింది. అయిదు నిమిషాలకు డాక్టరు అరచెయ్యి చదువుకుంటూ వచ్చి అంతే పోశాడు.

మాస్టారు ముప్పై ఏళ్ళు ఎక్కాలు చెప్పిన మనిషి. చూస్తూ ఊరుకోలేక రెండు వేళ్ళు పైకెత్తి ఊఁ ఊఁ అన్నాడు.

"రెండు పక్కలా నొప్పా మాస్టారూ? ముందే చెప్పొద్దూ," అంటూ డాక్టరు రెండో పక్క కూడా సూది పొడిచాడు. దాంతో ఊఁ కూడా రాలేదు.

ఈలోగా నీళ్ళు మారాయి. మొదట గాజుమీద ఊపిరి వదిలినట్టు మసక. తర్వాత గోడలకు వేసే సున్నం బకెట్టే. చేప మాయమైంది. బలం చాల్లేదేమోనని డాక్టరు మూడో సీసా వంచాడు. కంగారులో రెండు చుక్కలు ఆరయ్యాయి. తెల్లటి నీళ్ళకు పసుపు చాయ వచ్చింది.

నర్సు పరుగున ఆపరేషను గుడ్డ తెచ్చి తొట్టికి కప్పింది. కొత్తగా వచ్చిన రోగి ఒకాయన ఆ ఆకుపచ్చ గుడ్డ చూసి, లోపల ఎవరున్నారని గుసగుసగా అడిగాడు. అబద్ధం చెప్పడం నర్సుకు చేతకాదు. పరిస్థితి ఏమీ బాగా లేదంది. బెంచీమీద ముగ్గురికి పన్నునొప్పి అక్కడికక్కడే తగ్గిపోయింది. లేచి వెళ్ళిపోయారు. మాస్టారు మాత్రం కాళ్ళలోకీ మత్తు దిగిందేమోనన్న భయంతో కదల్లేదు.

సరిగ్గా పదకొండుకు భార్య వచ్చింది. వెనక టేపు పట్టుకొని వడ్రంగి. ఆవిడ గుడ్డ తీసి చూసింది. డాక్టరు అరచెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"రెండో సీసా ఎవరు పోశారు?" అంది.

"నేనే. రోజూ పోసేదేగా."

"మీరు రోజూ పోస్తుంటే, ఏడాదిగా పొద్దున్నే తలుపులు తీసి నేను పోస్తున్నదేమిటి?"

"మరి మట్టం..."

"నేను పోస్తే తగ్గుతోంది."

నర్సు మెల్లగా చెయ్యెత్తింది. "నేను కూడా, అమ్మా. ఇవాళొక్కరోజే."

అప్పటికి మాస్టారికి సగం నోరు వచ్చింది. దూది తీసేసి, "మూడు సార్లన్నమాట. నాకు రెండే తెలుసు. అది చెప్పబోతేనే పొడిచారు," అన్నాడు.

ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపి, నిల్వ ఉంచిన ఉప్పునీళ్ళు వడ్రంగి చేత మోయించి, తొట్టిలో సగం నీళ్ళు మార్పించింది. సాయంత్రానికి పగడాలు ఒక్కొక్క వేలూ బయటపెట్టాయి. చేప తొంగిచూసింది. మిషను మెట్లకింద పెట్టుకుందామని ఆవిడ వడ్రంగితో చెబుతుంటే డాక్టరు నోరు తెరిచాడు.

"మరి తొట్టి తీసేస్తానన్నావు?"

"ఏడాది పెంచినదాన్ని ఎలా పారేస్తాను? అలా అంటే మీకు గుర్తుంటుందని అన్నాను. ఇంత గుర్తుంటుందనుకోలేదు."

మర్నాడు బోర్డులో "రోగులు" పక్కన నీలి సిరాతో ఒక మాట చేరింది: "డాక్టరు కూడా."