గంట గోపురానికి వీపు తిప్పండి!

చారిత్రక కట్టడాలను కళ్లతో చూడకూడదు. వాటికి వీపు చూపించాలి!

కోప్పడకండి. నేను కొలోన్‌లో ఉద్యోగం చేసుకునే బాధ్యత గల సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. మొన్న మే నెలలో బెల్జియంలోని గెంట్ అనే, ఫ్లెమిష్ భాష మాట్లాడే పాత నగరానికి వెళ్లొచ్చాను. వచ్చాక, గ్రూప్ ఫొటో అన్నది మానవజాతికి దొరికిన వరమని తేల్చుకున్నాను.

బస్సు మాట్లాడినవాడు మా హైదరాబాద్ శ్రీచరణ్. కొలోన్ తెలుగువాళ్లం నలభై రెండు మందిమి, ఒక్క శనివారం, పదకొండు కట్టడాలు. ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలు. వరసలో నిలబడటానికి మూడు, ఫొటోలకు నాలుగు, తలలు లెక్కపెట్టడానికి ఒకటి. మరి చూడటానికో అంటారా? అందుకే కదండీ ఫొటోలు తీసుకునేది!

ఎనిమిది వందల ఏళ్ల కోట ముందు తల పైకెత్తి నిలబడితే ఏమొస్తుంది? మెడనొప్పి. అదే వీపు తిప్పితే? లైకులు! మేం అలాగే తిప్పాం. కోట బాగుందనే అనుకుంటున్నాను. శ్రీచరణ్ మొహం మాత్రం బాగా గుర్తుంది, అందరం చూసింది దాన్నే కాబట్టి.

"భాస్కర్ రావు సార్, గొడుగు జర దించుండ్రి! కోట కొంచెమన్నా కనపడాలె గద!" అని ముందు వరసలోని పెద్దాయన మీద అరిచాడు.

రెండోది చర్చి. మా ఆఫీసులోనే పనిచేసే భీమవరం దేవరాజు గారు లోపలికెళ్లి ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుంటానన్నారు. "ప్రేయర్ బస్సుల చేస్కోవచ్చన్నా, ఇక్కడ లైటింగ్ పోతది" అన్నాడు శ్రీచరణ్. ఎంత చక్కటి సదుపాయం! దేవుడు బస్సులోనూ ఉంటాడు, లైటింగ్ ఉండదు.

మూడోది గంట గోపురం. అక్కడ వరసలో నిలబడి పక్కకు చూస్తే మా ఆవిడ రత్నకుమారి లేదు.

ఆవిడ గురించి చెప్పాలి. రాజమండ్రిలో ఒక కాలేజీలో పన్నెండేళ్లు చరిత్ర పాఠం చెప్పింది. నాలుగేళ్ల క్రితం నా ఉద్యోగ వీసా, అదే బ్లూ కార్డు, వెంట జర్మనీ వచ్చింది. ఇప్పుడు జర్మన్ క్లాసులో "నా పేరు రత్నకుమారి, నేను టమాటాలు కొంటాను" దగ్గర ఉంది. క్లాసంతా అణగిపోయేలా మాట్లాడిన మనిషి, ఇక్కడ బేకరీలో వేలు చూపించి రొట్టె కొనుక్కుంటుంది.

కంగారుగా గోపురం లోపలికి పరుగెత్తాను. ఒకప్పుడు శిఖరం మీద ఉండి, ఇప్పుడు కిందికి దించి పెట్టిన పాత రాగి డ్రాగన్ ముందు నిలబడి ఉంది.

"రత్నా, ఫొటో! ఎనిమిది నిమిషాలే!"

"ఏవండీ, ఇటు రండి" అంది, కదలకుండా. "ప్రభువులిచ్చిన హక్కుల కాగితాలు ఈ ఊరివాళ్లు ఈ గోపురంలోనే పెట్టెలో పెట్టి తాళం వేసేవారండీ. బంగారం కాదు, కత్తులు కాదు, కాగితాలు! వాటికి కాపలా ఈ డ్రాగను. పుస్తకంలో మసక బొమ్మ చూపించి పన్నెండేళ్లు చెప్పాను. ఈ గోడ నన్ను ఒక్కసారి ముట్టుకోనివ్వండి."

ఆ గొంతు నేను విని నాలుగేళ్లయింది. గోడ మీద చెయ్యి పెట్టి ఆవిడ కళ్లు మూసుకుంది. నేను గడియారం చూడటం మానేశాను.

ఫోన్ మోగింది. "అన్నా, యాడున్నరు? ఫొటో అయిపోయింది, బ్రిడ్జి కాడికి పోతున్నం!"

"మీరు పదండి శ్రీచరణ్. సాయంత్రం బస్సు దగ్గరికి వస్తాం."

"ఇంకా ఎనిమిది జాగలున్నయన్నా! ఫొటోలెట్ల మరి?" అన్నాడు, నిజంగా బాధపడుతూ.

మేం పైకెక్కాం. ఆవిడ చెబుతూనే ఉంది. ఏ గంట దేనికి కొట్టేవారో, కొడితే ఎవరెవరు పరుగెత్తుకొచ్చేవారో. నేను వెనక బెంచీ విద్యార్థిలా విన్నాను. పైనుంచి చూస్తే వంతెన మీద మావాళ్ల వీపులు కనిపించాయి, వాటికి ఎదురుగా ఒక్క శ్రీచరణ్. అంత పెద్ద గోపురం వాళ్ల వెనకే ఉంది. ఒక్కరూ తిరగలేదు. ఎంత క్రమశిక్షణ!

సాయంత్రం బస్సులో శ్రీచరణ్ మమ్మల్ని ఓదార్చాడు. "ఫికర్ చెయ్యకు అన్నా, నేను చూస్కుంట."

చూసుకున్నాడు. ఆదివారానికల్లా ఏఐతో మమ్మల్ని మిగతా ఎనిమిది చోట్లా అతికించాడు. అన్నిట్లో ఒకటే నవ్వు. కాలువ దగ్గర మా కాళ్లు నీళ్ల మీదున్నాయి. ఒకచోట రత్నకుమారి తలుపు కంటే పొడుగ్గా ఉంది. రాజమండ్రి బంధువులు మురిసిపోయారు. "ఒక్క రోజులో ఎన్ని చూశారే!"

గంట గోపురం ఫొటోలో మాత్రం మేం లేం. అది తీసేటప్పటికి మేం తప్పిపోయామని అతనికి తెలియదు, తర్వాత దిద్దడం మరిచిపోయాడు.

సోమవారం ఆఫీసు క్యాంటీన్‌లో దేవరాజు గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"అన్నీ చూశారు గానీ, ఆ గంట గోపురం ఒక్కటే మిస్సయిపోయారండీ, పాపం! ఫొటోలో వెతికి వెతికి చూశాం. అంత దూరం వెళ్లి, అది చూడకుండా వచ్చేశారే!"