మేక ఎక్కిన లిఫ్టు

ఎనిమిదిన్నరకల్లా కూతుర్ని బడి దగ్గర దింపి, తొమ్మిదింటికి పదకొండు అంతస్తుల భవనంలో మొరాయించిన లిఫ్టు ముందు నిలబడాలన్నది ఆ పొద్దున లిఫ్టు మెకానిక్ వేసుకున్న ప్రణాళిక. భార్య ఆసుపత్రి డ్యూటీకి ఆరింటికే వెళ్లిపోయింది. తలదువ్వడం అయింది. జడలు ఒకటి పైకి, ఒకటి కిందికి వచ్చినా, వచ్చాయి. తీరా బూట్లు తొడుక్కుంటూ కూతురు చావు కబురు చల్లగా చెప్పింది.

"నాన్నా, చదువు డైరీ రాయలేదు."

మూడో తరగతి పిల్లలంతా బడి చెప్పిన ఒకే కథల పుస్తకంలో రోజుకు పన్నెండు పేజీలు చదివి, ఐదు వాక్యాల్లో సారాంశం రాసి, కింద పెద్దల సంతకం పెట్టించుకోవాలి. అదీ చదువు డైరీ. అది తన చేతికి రాకముందు ఆ పిల్ల సబ్బు పెట్టె మీది అక్షరాలు కూడా వదిలేది కాదు. తండ్రి సంచిలోని లిఫ్టు మరమ్మతు పుస్తకాన్ని సైతం కథలా చదివి, "చివరికి తలుపు మూసుకుందా?" అని అడిగిన మనిషి. ఇప్పుడు పుస్తకం చూస్తే చేదు మందు చూసినట్టు మొహం తిప్పుకుంటోంది.

"ఎంతవరకు చదివావే?"

"అట్ట వరకు."

అట్ట మీద సముద్రం ఒడ్డున ఓడలకు దారిచూపే ఒక దీపస్తంభం, దాని కొసన ఒక మేక ఉన్నాయి. తిట్టడానికి టైము లేదు. చదవడానికి అసలే లేదు. ఆయన ఎడమచేత్తో పెన్సిలు పట్టుకుని, పిల్లరాతలా వంకరటింకరగా, తనకు తెలిసిన విద్యతోనే రాసేశాడు: 'ఒక మేక దీపస్తంభం పైకి లిఫ్టులో బయల్దేరింది. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది. మేక కంగారుపడి మీటలన్నీ నమిలేసింది. తప్పు మేకది కాదు. ఏడాదిగా ఎవరూ గ్రీజు పెట్టలేదు.' కింద కుడిచేత్తో సంతకం చేశాడు.

పద్నాలుగేళ్లుగా డైరీల్లో సంతకాలు మాత్రమే చూస్తున్న టీచరు, ఆ రోజు ఎందుకో సారాంశం కూడా చదివింది. నవ్వాపుకోలేక తరగతికంతా వినిపించింది.

"మేం చదివిన పేజీల్లో లిఫ్టు లేదు టీచర్," అంది ముందు బెంచీ పిల్ల.

టీచరు చటుక్కున డైరీ మూసేసింది. ఆ పుస్తకం ఆవిడా చదవలేదు. "సరిగ్గా చదివితే ఉంటుంది," అని గంభీరంగా తప్పించుకుంది.

అంతే, ముప్పై నాలుగు పుస్తకాలు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఒకరికి తుపాను దొరికింది, ఇంకొకరికి దొంగల పడవ దొరికింది. లిఫ్టు మాత్రం ఎవరికీ దొరకలేదు. ఆటల గంట మోగినా ఎవరూ కదల్లేదు. "దాని పుస్తకంలోనే ఉందేమో!" అంటూ సగం తరగతి వచ్చి మెకానిక్ కూతురి బెంచీ మీద పడింది. తన డైరీలో ఏముందో టీచరు చదివేదాకా తనకే తెలియని ఆ పిల్ల, అందరికంటే ఆత్రంగా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది.

అచ్చులో నాలుగు పేజీలు ఎగిరిపోయాయన్న పుకారు మధ్యాహ్నానికి హెడ్‌మిస్ట్రెస్ గదికి చేరింది. ఆవిడ పుస్తకాల దుకాణానికి ఫోన్ చేసి, "లిఫ్టున్న పుస్తకాలు పంపండి!" అని గదమాయించింది. దుకాణంవాళ్లు ఉన్నవన్నీ తిరగేసి, ఒక్కదాంట్లోనూ లిఫ్టు లేదన్నారు. అయితే లిఫ్టున్న ఆ ఒక్క పుస్తకం ఎక్కడ కొన్నారో కనుక్కోవాలని ఆవిడ తండ్రికి ఫోన్ చేసింది.

"మీ అమ్మాయి రాసిన సారాంశం గురించి మాట్లాడాలి. వెంటనే రండి."

గుట్టు రట్టయిందనుకున్నాడు మెకానిక్. చేతుల గ్రీజైనా తుడుచుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఆ లిఫ్టు ఎక్కడిదండీ?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"క్షమించండి మేడమ్. నేనే పెట్టాను."

"ఎక్కడ పెట్టారు?"

"కథలో. పొద్దున టైము లేక..."

హెడ్‌మిస్ట్రెస్ మొహం కందగడ్డయింది. పక్కనున్న టీచరు గబగబా అందుకుంది. "మేడమ్, మీరు కేకలేసే ముందు ఒక్కసారి తరగతికి రండి."

ఇంటిగంట కొట్టి పది నిమిషాలైంది. తలుపు తీసిన చప్పుడుకి ఒక్క తల కూడా లేవలేదు. మెకానిక్ మెల్లగా కూతురి పక్కన ఆ చిన్న బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు.

"బుజ్జమ్మా, పొద్దున చదవకుండా రాసేశాను. తప్పయింది."

"తెలుస్తూనే ఉందిలే. మేక మెట్లెక్కి వెళ్లింది నాన్నా. లిఫ్టు లేకపోవడమే బాగుంది. ఉన్నదంతా మెట్ల మీదే జరుగుతుంది."

"ఏం జరుగుతుందే?"

"ఉండు, నన్ను చదవనీ."

ఆయన మెడ సాచి తనూ ఆ పేజీలోకి తొంగిచూశాడు. ఈ సంగతంతా గుమ్మంలోంచి గమనిస్తున్న హెడ్‌మిస్ట్రెస్ కళ్లు మెరిశాయి. "పద్నాలుగేళ్లుగా మనకిది తట్టలేదు చూశారా!" అంది టీచరుతో.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. 'ఇకపై ప్రతి శుక్రవారం పిల్లలందరూ పుస్తకంలో లేని విషయమొకటి మిక్కిలి కుతూహలంతో వెతకవలెను. పది మార్కులు. పెద్దల సంతకం తప్పనిసరి.'

ఆ శుక్రవారం, ముప్పై నలుగురు పిల్లల్లో పంతొమ్మిది మందికి పొద్దున్నే కడుపునొప్పి వచ్చింది.